మూడు కిక్కుల తర్వాత



పుష్యమాసం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. మైదుకూరుకు దువ్వూరు వైపున్న ఒక పల్లెలో, వేపచెట్టు కింద రాత్రంతా మంచులో నిలిచిన యమహా ఆర్‌ఎక్స్ 100 బండిని ఒక రైతు తంతూనే ఉన్నాడు. కె.సి. కాలువ నీళ్లు వదిలిన రోజు. పసుపు తోటలో మడవ తిప్పాలి. మొదటి కిక్కుకు బండి పలకలేదు. రెండో కిక్కుకు ఒకసారి దగ్గింది. ఆశ పుట్టింది. అక్కడి నుంచి వరసగా పన్నెండు కిక్కులు. భుజాన తువ్వాలు జారిపోయింది, చలిలోనూ నుదుట చెమట పట్టింది, బండి మాత్రం మొదట పలికిన ఆ ఒక్క దగ్గు కూడా మళ్లీ పలకలేదు. ఎదురింటి పిల్లోడు టౌనులో మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. నోట్లో వేపపుల్లతో దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చి అడిగాడు.

“ఏం చిన్నాయనా, రాత్రి పెట్రోలు కాక్ కట్టలేదా?”

“మర్సిపోతినిరా.”

“ఇంక తన్నొద్దు. పెట్రోలు తాగేసి ఉండాది.”

మైదుకూరు చుట్టుపక్కలే కాదు, కర్నూలు నుంచి కడప దాకా పాత టూ స్ట్రోక్ బండి ఉన్న ప్రతి ఇంటి ముందూ చలికాలంలో ఏదో ఒక పొద్దున ఈ సంగతి జరుగుతుంది. బండి మొరాయించిందంటారు, మొండిదంటారు, వయసైపోయిందంటారు. నిజానికి ఆ ఇంజను అడిగేవి మూడే మూడు. తగినంత పెట్రోలు ఆవిరి, గట్టి నిప్పురవ్వ, లోపలి గాలిని బిగించి పట్టే శక్తి. ఈ మూడూ ఉంటే అది లేవక తప్పదు. ఏది తక్కువైందో బండే చెబుతుంది. వినే ఓపిక లేకనే కాలి మడమ నొప్పి పుట్టేది.

ఈ బండ్లు మన సీమకు ఎలా వచ్చాయో ముందు రెండు మాటలు. 1960ల్లో ఎస్కార్ట్స్ కంపెనీ పోలండ్ దేశపు ఎస్‌హెచ్‌ఎల్ బండి నమూనాతో రాజ్‌దూత్ తయారు చేసింది. అదే కాలంలో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ చెకొస్లొవేకియా జావా బండ్లను, తర్వాత యెజ్దీ పేరుతో అవే బండ్లను దేశం మీదికి వదిలింది. గతుకుల రోడ్డు, పాల క్యాన్లు, ఎరువు మూటలు, వెనకాల ఇద్దరు మనుషులు, అన్నిటికీ ఓర్చుకున్నాయవి. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. 1984లో అదే ఊరి నుంచి ఇండ్-సుజుకి వచ్చింది. 1985 చివరలో యమహా ఆర్‌ఎక్స్ 100 దిగింది. అన్నీ టూ స్ట్రోకులే. నాలుగు స్ట్రోకుల హీరో హోండా సీడీ 100 కూడా 1985లోనే వచ్చింది కానీ, ఎక్కేటప్పుడు ఎగిరి దూకే ఆ పొగబండి రుచి మరిగినవాళ్లు చాలా కాలం దాని వైపు చూడలేదు. మైసూరు కంపెనీ 1996లో మూతపడింది. ఆర్‌ఎక్స్ 100 తయారీ కూడా ఆ ఏడే ఆగింది. 2000 నుంచి పొగ నిబంధనలు బిగిసేకొద్దీ మిగతావి ఒక్కొక్కటే తప్పుకున్నాయి. అంటే ఇవాళ మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో కనిపించే ఏ ఆర్‌ఎక్స్ 100కైనా తక్కువలో తక్కువ మూడు పదుల వయసు ఉంటుంది. ఆ వయసు బండి చలి పొద్దున కొంచెం బతిమాలించుకోవడంలో వింత లేదు.

టూ స్ట్రోక్ ఇంజను గురించి ఒక్క విషయం తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఇంగ్లండులో బాత్ పట్టణానికి చెందిన జోసెఫ్ డే అనే ఇంజనీరు 1889 ప్రాంతంలో వేసిన ఉపాయమది. నాలుగు స్ట్రోకుల బండిలో కార్బొరేటర్ నుంచి వచ్చిన పెట్రోలు, గాలి కలిసి నేరుగా సిలిండర్‌లోకి పోతాయి. టూ స్ట్రోకులో అలా కాదు. ఆ మిశ్రమం ముందు కిందికి, క్రాంకు తిరిగే గదిలోకి దిగుతుంది. పిస్టన్ కిందికి వచ్చేటప్పుడు దాన్ని నొక్కి, పక్క దారుల గుండా పైకి తోస్తుంది. నాలుగు స్ట్రోకుల బండికి ఉండే వాల్వులు లేవు, వాటి తలనొప్పి లేదు. కానీ ఆ కింది గది పెద్దది, లోపలంతా ఇనుము, అడుగున నూనె జిడ్డు. రాత్రంతా చల్లబడిన ఆ గోడలను తాకగానే పెట్రోలు ఆవిరి మళ్లీ ద్రవమై అక్కడే అంటుకుపోతుంది. పైన నిప్పురవ్వ దగ్గరికి చేరేది పల్చటి గాలి. అది మండదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కింద కూడా మండే ఆవిరి ఇస్తుంది కదా, కడప చలి ఎంతని? గిన్నెలో తీరిగ్గా ఉన్న పెట్రోలు సంగతి వేరు. కిక్కుకు ఇంజను తిరిగేది ఒక్క సెకను కూడా ఉండదు. అంతలోపే పెట్రోలు ఆవిరై, గాలిలో కలిసి, పైకి చేరి, అంటుకోవాలి. మంచు కురిసిన రాత్రి తర్వాత ఆ లోహం వేసవి పొద్దున ఉన్నంత వెచ్చగా ఉండదు. అందుకే చల్లని ఇంజనుకు మామూలు కంటే చాలా ఎక్కువ పెట్రోలు పట్టాలి. పది చుక్కలు పోస్తే రెండు చుక్కలు ఆవిరవుతాయన్న లెక్క. చోక్ పెట్టింది అందుకే.

చోక్ విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. దాన్ని ఎత్తి, వెంటనే కుడిచేత్తో యాక్సిలరేటర్ మెలితిప్పి మరీ కిక్కు కొడతారు. ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్ల మికుని కార్బొరేటర్‌లో చోక్ అంటే దారి మూసే రేకు కాదు. అది వేరే సన్నని గొట్టం. ఇంజను పీల్పుకు ఆ గొట్టంలోంచి అదనపు పెట్రోలు వస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఉంటేనే ఆ పీల్పు గట్టిగా ఉంటుంది. తిప్పారా, గాలి పెద్ద దారిలో సులువుగా పోతుంది, చిన్న గొట్టాన్ని ఎవరూ పీల్చరు. చోక్ ఎత్తి కూడా ఎత్తనట్టే. చాలా బండ్లు పొద్దున మొరాయించేది ఈ ఒక్క కారణానికే అంటే నమ్మబుద్ధి కాదు. చేసి చూస్తే తెలుస్తుంది.

పద్ధతి ఇది. కాక్ తెరిచి, కార్బొరేటర్ గిన్నె నిండేదాకా ఒక నిమిషం ఆగాలి. చోక్ ఎత్తాలి. తాళం వేయకుండానే, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, నెమ్మదిగా రెండు మూడు కిక్కులు. ఇవి బండి లేవడానికి కాదు, కింది గదిని పెట్రోలు ఆవిరితో నింపడానికి. అప్పుడు తాళం తిప్పాలి. కిక్ రాడ్డును కాలితో మెల్లగా నొక్కితే ఒకచోట గట్టిగా అడ్డం తగులుతుంది. అది దాటనిచ్చి, రాడ్డు పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి కింది దాకా ఒకే ఊపు. సగం కొట్టి వదిలే పది కిక్కుల కంటే చివరి దాకా పోయే ఒక్క కిక్కు మేలు. మాగ్నెటో ఎంత వేగంగా తిరిగితే నిప్పురవ్వ అంత గట్టిగా పడుతుంది మరి.

యెజ్దీ వాళ్ల మర్యాదలు వేరు. ఆ బండిలో గేరు రాడ్డు, కిక్ రాడ్డు రెండూ ఒకటే. ఎడమ పక్కనున్న గేరు రాడ్డును లోపలికి నొక్కి, పైకి తిప్పితే అదే కిక్ రాడ్డవుతుంది. బండి లేచాక దాన్ని మళ్లీ ముందుకు మడిస్తే గేరు. కొత్తవాళ్లు బండి చుట్టూ తిరిగి కిక్ రాడ్డు ఎక్కడని వెతికిన సందర్భాలు ప్రతి ఊళ్లో ఉంటాయి. దాని కార్బొరేటర్ పైన ఒక చిన్న బటన్ ఉంటుంది. దాన్ని వేలితో నొక్కి పడితే లోపలి తేలుడు బిళ్ల కిందికి దిగి, పెట్రోలు మట్టం పెరిగి, వేలికి చల్లగా తడి తగులుతుంది. ఆ తడి తగలగానే వేలు తీసేయాలి. ఇంకా నొక్కితే మన రైతు ఆర్‌ఎక్స్‌కు పట్టిన గతే దీనికీ. బజాజ్ చేతక్‌ను కిక్కుకు ముందు ఒక పక్కకు వంచి నిలబెట్టేవాళ్లు గుర్తున్నారా? అదీ ఇలాంటి ఉపాయమే. వంచితే గిన్నెలో మట్టం తప్పి, కొంత పెట్రోలు లోపలికి జారుతుంది. ఎవరు కనిపెట్టారో గానీ దేశమంతా అదే చేసింది.

ఇలా మూడు కిక్కులు, పోనీ నాలుగు. అయినా లేవలేదంటే అక్కడ ఆగాలి. ఆ తర్వాత కొట్టే ప్రతి కిక్కూ లోపలికి ఇంకొంత పెట్రోలు పోస్తుంది, ఉన్న నిప్పును ముంచుతుంది. ఇప్పుడు చేయాల్సింది ప్లగ్గు తీయడం.

మన పిల్లోడు అదే చేశాడు. సీటు కింద తువ్వాల్లో చుట్టి ఉన్న ప్లగ్గు స్పానర్ తీశాడు. ప్లగ్గు క్యాప్ లాగి, మంచు తడిని బనీను అంచుతో తుడిచి, ప్లగ్గు విప్పి, పొద్దు వెలుతురుకు ఎత్తి పట్టాడు. కొసంతా పెట్రోలు తడి, మెరుస్తోంది. నల్లటి మసి. ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని చూస్తే అసలు సంగతి బయటపడింది. మధ్య కడ్డీకి, పైన వంగిన కొక్కేనికి నడుమ, వెంట్రుక కంటే కొంచెం లావైన నల్లటి తీగ. నూనె, మసి గట్టిపడి కట్టిన వంతెన. ఈ తీగ టూ స్ట్రోక్ బండ్లకు పాత జబ్బు. దాని మీదుగా కరెంటు చప్పుడు లేకుండా దాటిపోతుంది, రవ్వ పడదు. పిల్లోడు బ్లేడు మొనతో దాన్ని గీకాడు, గరుకు కాగితంతో కొస రుద్దాడు. సందు సరిగా ఉందో లేదో చూడ్డానికి ఆక్సా బ్లేడు ముక్క దూర్చాడు. ఆ బ్లేడు మందం అర మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ. ఎక్కువ బండ్ల ప్లగ్గు సందు కొలత కూడా 0.6, 0.7 మిల్లీమీటర్ల దగ్గరే. ఫీలర్ గేజి లేని చోట పనిమంతుడి చేతికి ఆ బ్లేడే గేజి.

ప్లగ్గు చూసి చదవడం నేర్చుకుంటే సగం మెకానిక్ అయినట్టే. మూడు నాలుగు కిక్కుల తర్వాత కూడా ప్లగ్గు పొడిగా ఉందంటే పెట్రోలు పైకి రావడం లేదు. ట్యాంకు మూత రంధ్రం మూసుకుపోయిందా, కాక్ లోపల తుప్పు చేరిందా, జెట్టులో చెత్త పడిందా అని వెతకాలి. పెట్రోలు తడి ఉంటే ఎక్కువైంది, లేదా రవ్వ లేదు. జిడ్డుగా నూనె తడి ఉంటే ఆయిల్ కలిపే పాలు పెరిగింది, కాకపోతే లోపల సీలు కారుతోంది. ఇటుక రంగులో, పొడిగా, శుభ్రంగా ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు.

రవ్వ చూడ్డానికి ప్లగ్గును క్యాప్‌కు తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజను హెడ్డుకు ఆనించి, తాళం వేసి కిక్కు కొడతారు. నీలి రంగులో చటుక్కుమని పడాలి. పసుపుగా, పల్చగా ఉంటే లెక్కకు రాదు. ఒక జాగ్రత్త మరవద్దు. ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, కనుక ప్లగ్గును ఆ రంధ్రానికి దూరంగా, ఇంకో పక్కన ఆనించాలి. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకూడదు. పాత బండ్లలో రవ్వ లేకపోతే ప్లాటినం పాయింట్లు చూడాలి. వాటి మొహాల మీద నూనె పొర కట్టినా, సందు మూసుకుపోయినా అంతే. ఆర్‌ఎక్స్ 100లో పాయింట్లు లేవు, సీడీఐ పెట్టె ఉంది. అందుకే ఆ బండి యజమానులకు ఆ ఒక్క బాధ తప్పింది.

ఇక పెట్రోలు తాగిన ఇంజనును ఆరబెట్టాలి. కాక్ కట్టేయాలి, చోక్ దించేయాలి, ప్లగ్గు బయటే ఉంచి, తాళం తీసేసి, యాక్సిలరేటర్ ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తిగా తిప్పి పట్టి ఏడెనిమిది కిక్కులు కొట్టాలి. ఇక్కడ యాక్సిలరేటర్ తిప్పడమే మందు, ఎందుకంటే ఇప్పుడు కావాల్సింది గాలి. లోపలి తడి పొగమంచులా రంధ్రంలోంచి ఎగుస్తుంది. ఐదు నిమిషాలు అలా వదిలి, ఆరిన ప్లగ్గు బిగించి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. చోక్ లేకుండా.

ఇంత చేసినా కిక్ రాడ్డు గాలిలో తొక్కినట్టు వదులుగా దిగుతుంటే సమస్య ఇంకా లోతుది. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి, తాళం తీసి కిక్కు కొడితే వేలిని నెట్టేయాలి. నెట్టకపోతే రింగులో బోరో అరిగినట్టు. వేలిని నెడుతున్నా బండి లేచీ లేవగానే గిర్రున ఎగిరి చచ్చిపోతుంటే, క్రాంకు రెండు పక్కలా ఉండే రబ్బరు సీళ్లను అనుమానించాలి. టూ స్ట్రోకుకు ఆ సీళ్లే ప్రాణం. కింది గది బిగువుగా లేకపోతే పక్కల నుంచి ఊరికే గాలి పీల్చి, మిశ్రమం పల్చబడుతుంది. నెలల తరబడి నిలిపేసిన బండ్లలో ఆ రబ్బరు ఎండి గట్టిపడుతుంది. పైపైన కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా ఆ జబ్బు పోదు. సీళ్లు మార్చాల్సిందే.

సీమలో ఇంకొకటుంది, దుమ్ము. మట్టి దారుల ఎర్రదుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను రొట్టెలా అతికేస్తుంది. గాలి తగ్గితే మిశ్రమం చిక్కనై, ప్లగ్గు నల్లబడి, పైన చెప్పిన మసి తీగకు దారి పడుతుంది. స్పాంజి ఫిల్టర్ అయితే కిరసనాయిలులో పిండి, ఆరబెట్టి, కాస్త నూనె రాసి పెడితే సరిపోతుంది. నెలకోసారి చేసే ఆ పావుగంట పని పొద్దున పూట చాలా కిక్కులు మిగులుస్తుంది.

ఈ మధ్య తోడైన కొత్త చిక్కు పెట్రోలులోనే ఉంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. చెరకు, ధాన్యం నుంచి తీసే ఇథనాల్ వల్ల దేశానికి విదేశీ చమురు ఖర్చు తగ్గుతుంది, అది మంచిదే. కానీ దానికి రెండు గుణాలున్నాయి. ఆవిరి కావడానికి పెట్రోలు కంటే రెండింతలకు పైగా వేడి కావాలి, కనుక చలి ఇంజను ఇంకా బద్ధకిస్తుంది. పైగా గాలిలోని తేమను లాక్కుంటుంది. బండి వారాల తరబడి నిలిస్తే ఆ నీరు విడిపోయి కార్బొరేటర్ అడుగున చేరుతుంది. అప్పుడు ఇంజను పీల్చేది పెట్రోలు కాదు, నీళ్లు. ముప్పై ఏళ్ల కిందటి రబ్బరు గొట్టాలు, సీళ్లు ఈ కొత్త పెట్రోలుకు తయారైనవి కావు. కాబట్టి ఎక్కువ రోజులు నిలిపిన బండిని తన్నే ముందు కార్బొరేటర్ గిన్నె కింది స్క్రూ విప్పి పాతది వదిలేయడం ఎంతో తెలివైన పని. ఆయిల్ పెట్రోలులోనే కలిపి పోసే రాజ్‌దూత్, యెజ్దీ, మోపెడ్ల వాళ్లు ట్యాంకును ఒకసారి కదిలించి మరీ కిక్కు కొట్టాలి.

తోసి లేపడం మన దగ్గర అందరికీ తెలిసిన చివరి అస్త్రం. రెండో గేరు, క్లచ్చు పట్టి, ఇద్దరు వెనకాల తోసి, వేగం అందుకున్నాక క్లచ్చు వదలడం. ఇంజను ఆగకుండా పది పదిహేను చుట్లు తిరుగుతుంది కనుక చాలాసార్లు పని చేస్తుంది. ప్లగ్గు తడిసి ఉంటే మాత్రం ఊరి చివరి దాకా తోసినా లాభం లేదు. టూ స్ట్రోకుకు ఇంకో వింత గుణం కూడా ఉంది. టైమింగు తప్పి, కిక్కు ఎదురుతన్నితే ఇంజను వెనక్కి తిరుగుతూ కూడా లేవగలదు. అలాంటి వాల్వులు లేని ఇంజనుకు ముందూ వెనకా ఒకటే. చప్పుడు మామూలుగానే ఉంటుంది, గేరు వేయగానే బండి వెనక్కి పోతుంది. ఎప్పుడైనా అలా జరిగితే కంగారు పడక తాళం తీసేసి, మళ్లీ లేపి, ఆ సాయంత్రమే టైమింగు చూపించుకోవాలి.

ఎనిమిదిన్నర నిమిషాలు పట్టింది మన పిల్లోడికి. బిగించిన ప్లగ్గుతో రెండో కిక్కుకు ఆర్‌ఎక్స్ లేచింది. వేపచెట్టు కింద నీలిపొగ కమ్ముకుంది. ఆనందంలో రైతు చెయ్యి యాక్సిలరేటర్ మీదికి పోయింది. పిల్లోడు ఆ చేతిని పట్టుకున్నాడు. “రేజ్ చేయొద్దు చిన్నాయనా, రెండు నిమిషాలు అట్లే కాగనీ.” ఆ మాటకు కారణముంది. పిస్టన్ అల్యూమినియం, బోరు ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. చలి ఇంజనును గట్టిగా రేజ్ చేస్తే పిస్టన్ గబగబా ఉబ్బి, ఇంకా చల్లగా ఉన్న బోరును పట్టేస్తుంది. పొద్దున రేజ్ చేసే మోజుకు ఎన్ని బోర్లు గీతలు పడ్డాయో మైదుకూరు, ప్రొద్దుటూరు షెడ్ల వాళ్లను అడగాలి. మొదటి రెండు నిమిషాల పొగకు భయపడనక్కరలేదు, రాత్రి కింద చేరిన నూనె కాలిపోయేదాకా వస్తుంది. కానీ ఇంట్లో, తలుపులు మూసిన కొట్టంలో పెట్టి బండి లేపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మనిషిని కూర్చున్నచోటే పడేస్తుంది.

షెడ్డు పిల్లలకు ఇంత విద్య ఏ పుస్తకమూ నేర్పలేదు. చేతికి నూనె అంటించుకుని, వేలితో తడి చూసి, చెవితో దగ్గు విని నేర్చుకున్నారు. టూ స్ట్రోకులు తగ్గేకొద్దీ ప్లాటినం సందు సరిచేసే చేతులూ తగ్గుతున్నాయి. మీ ఊళ్లో అలాంటి పాత మేస్త్రీ ఉంటే, ఆయన బండి లేపుతుండగా పక్కన నిలబడి ఒక్కసారి చూడండి, అడగండి, చెబుతారు.

ఒక చిన్న కోరిక. ఈ రాత్రి బండి నిలిపి లోపలికి పోయే ముందు ఒకసారి వంగి, పెట్రోలు కాక్ కట్టేయండి.